ఇంటి పందిట్లో చిన్న పెళ్ళి: ఫోటోలు ఎలా తీయాలి

వెయ్యిమంది వచ్చే ఫంక్షన్ హాల్లో ఫోటోగ్రాఫర్‌ని ఎవరూ పట్టించుకోరు. ఒకపక్క క్రేన్ తిరుగుతుంటుంది, నెత్తిమీద డ్రోన్, వెనక ఎల్ఈడీ గోడ. మీరు ఎటు నిలబడ్డా అడిగే నాథుడు ఉండడు. ముంగిట్లో పందిరి వేసి నలభై, యాభై మందితో చేసుకునే పెళ్ళిలో అలా కుదరదు. మీరు ఒక అడుగు కదిలితే అందరికీ తెలుస్తుంది. షట్టర్ చప్పుడు మంత్రాల మధ్యలో వినపడుతుంది. మీరు టిఫిన్ తినలేదని పెళ్ళికూతురి అమ్మమ్మకి అందరికంటే ముందు తెలుస్తుంది.

2020 మే నెలలో లాక్‌డౌన్ సడలిస్తూ పెళ్ళికి 50 మందికి మించి రాకూడదని కేంద్ర హోంశాఖ షరతు పెట్టింది. అప్పుడు చాలామంది తప్పనిసరై చిన్న పెళ్ళి చేసుకున్నారు. ఇప్పుడు కావాలని అలా చేసుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి ఫోటోలు తీయాలనుకునే మీకోసం ఇది రాస్తున్నాను. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: ఇలాంటి పెళ్ళికి కావలసిన కొత్త ఆలోచన ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికితే దొరకదు. అది ఆ ఇంట్లోనే, ఆ మనుషుల దగ్గరే ఉంటుంది. వాళ్ళు మీకు ఎంత తెలిస్తే ఫోటో అంత బాగుంటుంది. కింద చెప్పే పనులన్నీ అందుకోసమే.

అడ్వాన్స్ తీసుకునే ముందు

ముహూర్తం ఎన్నింటికో ముందు అడగండి. మన ముహూర్తాలు రాత్రి రెండింటికి రావచ్చు, తెల్లవారుజామున నాలుగున్నరకి రావచ్చు, పట్టపగలు పదకొండింటికి రావచ్చు. ఈ ఒక్క జవాబుతో మీ లైటింగ్ సగం తేలిపోతుంది. పెళ్ళి ఇంట్లోనా, గుడిలోనా అన్నది రెండో ప్రశ్న. గుడి అయితే కెమెరా ఎక్కడిదాకా రానిస్తారో దేవస్థానం ఆఫీసులో మీరే స్వయంగా కనుక్కోండి. తిరుమల ఆలయం లోపలికి సెల్‌ఫోను కూడా తీసుకెళ్ళనివ్వరు. అన్నవరం లాంటి చోట మంచి ముహూర్తం ఉన్న రోజున కొండ మీద ఒకేసారి ఎన్నో పెళ్ళిళ్ళు జరుగుతుంటాయి. మీ జంట వెనక ఇంకో జంట కనపడకుండా ఎటు నిలబడాలో ముందు రోజే చూసిపెట్టుకోవాలి.

రేటు విషయంలో మొహమాటపడకండి. జనం తక్కువ కాబట్టి డబ్బులు తగ్గించమంటారు. మనుషులు తగ్గారు గానీ తంతు తగ్గలేదు, మీరు మేలుకునే రాత్రి తగ్గలేదు. క్రేను, డ్రోను, రెండో వీడియోగ్రాఫర్ అక్కర్లేదు కాబట్టి ఆ మేరకు తగ్గించండి. మీ పనికి మాత్రం తగ్గించకండి.

ముందుగా ఒకసారి ఇంటికి వెళ్ళండి

ఈ పని చాలామంది చేయరు. వారం ముందు, వీలైతే ముహూర్తం వేళకే వెళ్ళి కాసేపు కూర్చోండి. కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. పెళ్ళికూతురిని చేసే గది ఏది, కిటికీ ఎటు ఉంది, వంట ఎక్కడ, పీటలు ఎక్కడ వేస్తారు, చూడండి. ఉత్తరం వైపు కిటికీ ఉంటే అదృష్టం, చాలావరకు ఎండ నేరుగా పడకుండా మెత్తని వెలుగు వస్తుంది. కోస్తాలో మధ్యన కప్పు తెరిచి ఉండే పాత మండువా లోగిలి అయితే వెలుగు పైనుంచి దిగుతుంది. మధ్యాహ్నం సరిగ్గా మధ్యలో కూర్చుంటే కళ్ళ కింద నల్లటి నీడలు పడతాయి. అక్కడినుంచి వసారా అంచుకి రెండడుగులు జరిగితే అదే వెలుగు మొహం మీద పక్కనుంచి పడుతుంది, కళ్ళల్లో మెరుపు వస్తుంది.

పందిరి గురించి ఆ రోజే మాట్లాడండి. ఎర్రది, పచ్చది, నీలంది కలిపి కుట్టిన షామియానా వేస్తే కింద ఉన్న మొహాలన్నీ ఆ రంగుల్లోకి మారిపోతాయి, తర్వాత ఎడిటింగ్‌లో సరిచేయడం నరకం. తెల్లగుడ్డ వేయమని అడగండి, ఖర్చు ఏమీ పెరగదు. కొబ్బరాకుల పందిరి అందరికీ ఇష్టమే, నాకూ ఇష్టమే. కాకపోతే పగటిపూట ఆకుల సందుల్లోంచి ఎండ చిల్లులు చిల్లులుగా మొహాల మీద పడుతుంది. పీటలు వేసే చోటికి సరిగ్గా పైన, ఆకుల మీద ఒక తెల్ల పంచె పరిపించండి. ఆ కాస్త చోటు చాలు.

రాత్రి ముహూర్తమైతే లైట్లన్నీ వేయించి చూడండి. గోడకి తెల్లటి ట్యూబులైటు, పందిరికి పసుపుపచ్చ బల్బులు ఉంటే మొహంలో ఒక సగం నీలంగా, ఇంకో సగం నారింజగా వస్తుంది. రెండింటిలో ఒకటి ఆర్పేయించండి. నేనైతే ట్యూబులైటే ఆర్పిస్తాను, దీపాల వెలుగుతో పసుపు బల్బు కలిసిపోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి చవకరకం ఎల్ఈడీలు సెకనుకి వందసార్లు మినుకుతాయి, వాటి కింద ఫోటోలో అడ్డచారలు వస్తాయి, సైలెంట్ షట్టర్ పెడితే మరీనూ. ఆ బల్బుల కిందే సెకనులో వందో వంతు షట్టర్ స్పీడు పెట్టి పరీక్షగా నాలుగు ఫోటోలు తీసి చూసుకోండి.

ఆ తర్వాత కాఫీ ఇస్తారు. తాగుతూ రెండు అడగండి.

మొదటిది, ఎవరు ఎవరికి ఏమవుతారని. ఏ ఫోటోలు కావాలో జాబితా అడిగితే ఎక్కడో చూసిన పోజులు చెబుతారు. మనుషుల గురించి అడిగితే కథలు చెబుతారు. గంపలో కూర్చోబెట్టి తెచ్చే మేనమామకి నడుము నొప్పి అని తెలుస్తుంది. పెళ్ళికూతురిని చిన్నప్పుడు పెంచింది పెద్దమ్మ అని తెలుస్తుంది. బాబాయికీ నాన్నకీ కొన్నేళ్ళుగా మాటల్లేవని, ఈ పెళ్ళికి వస్తున్నాడని ఎవరో గొంతు తగ్గించి చెబుతారు. ఇదంతా మీ నోట్‌బుక్‌లోనే ఉండాలి, ఇంకెవరికీ చెప్పకూడదు. కానీ ఆ రోజు బాబాయి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నప్పుడు కెమెరా ఎటు తిప్పాలో మీకు తెలిసి ఉంటుంది.

రెండోది, అమ్మానాన్నల పెళ్ళి ఆల్బమ్. బీరువాలో చీరల కింద ఉంటుంది. పల్చటి బట్టర్ పేపర్లు, మూలలు అంటించిన ఫోటోలు. ఒక్కో పేజీ తిప్పనివ్వండి, వాళ్ళు ఎక్కడ ఆగుతారో చూడండి. దంపతులు బిగుసుకుని కూర్చున్న స్టూడియో ఫోటో దగ్గర సాధారణంగా ఆగరు. వెనక నిలబడి నవ్వుతున్న మేనత్త దగ్గర, ఇప్పుడు లేని తాతయ్య పంచె సర్దుకుంటున్న ఫోటో దగ్గర ఆగుతారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత జనం ఏం చూస్తారో ఆ పేజీలే మీకు చెబుతాయి. గోడమీద దండ వేసి ఉన్న తాతయ్య పటం ఎక్కడుందో కూడా చూసుకోండి. పెళ్ళినాడు మనవరాలు దాని ముందు నిలబడి దణ్ణం పెడుతుంది. ఎవరూ పిలిచి చెప్పరు, మీరే కనిపెట్టుకుని ఉండాలి.

ప్రేరణ ఎక్కడ వెతకాలి

ఫోన్లో దొరికే పెళ్ళి ఫోటోలు చూసి చూసి మన కళ్ళు ఒకే మూసలో పడిపోయాయి. ఆ రీల్స్ కాస్త పక్కన పెట్టి, వీలైతే లేపాక్షి వెళ్ళండి. వీరభద్రస్వామి గుడి వెనక పూర్తికాని కళ్యాణ మండపం ఉంది. 16వ శతాబ్దంలో, విజయనగర కాలంలో మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు, పైకప్పు లేదు. శివపార్వతుల పెళ్ళికి తరలివచ్చిన దేవతలు, మునులు ఆ స్తంభాల మీద నిలబడి ఉన్నారు. శిల్పులు వధూవరుల మీద ఎంత శ్రద్ధ పెట్టారో వచ్చినవాళ్ళ మీదా అంతే పెట్టారు. ఒక్కొక్కరికీ నిలబడే తీరు ఉంది, చేతుల్లో పని ఉంది. మండపం మధ్యలో నిలబడితే పెళ్ళి చుట్టూ జరుగుతున్నట్టు ఉంటుంది. చిన్న పెళ్ళికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. యాభైమందే వచ్చారంటే ప్రతి ఒక్కరూ పిలవాల్సిన మనిషే. ప్రతి ఒక్కరికీ ఒక మంచి ఫోటో దక్కాలి. గ్రూపు ఫోటోలో మూడో వరసలో తల కనపడితే చాలదు.

అదే గుడిలో ముఖమంటపం కప్పు మీది బొమ్మలు కూడా చూడండి. మనుషుల్ని చాలావరకు పక్కనుంచి గీశారు. పక్కనుంచి చూస్తే జడ, బుట్టలు, ముక్కుపుడక, బాసికం అంచు అన్నీ ఒకే గీతలో కనపడతాయి. మనం మాత్రం పెళ్ళికూతురిని ఎప్పుడూ ఎదురుగా నిలబెట్టి నవ్వమంటాం.

రంగుల కోసం తోట వైకుంఠం చిత్రాలు చూడమంటాను. తెలంగాణ పల్లె ఆడవాళ్ళు, నుదుట పెద్ద బొట్టు, ఎరుపు, కాషాయం, ఆకుపచ్చ. ఉన్న రంగులు కొద్ది, కానీ ఒక్కోటీ నిండుగా ఉంటుంది. పందిట్లో మీ ముందు ఇరవై రంగులుంటాయి. ఫ్రేములోకి రెండో మూడో వచ్చేదాకా ఆగండి, లేదా మీరే కదలండి. వెనకాల నీలంరంగు ప్లాస్టిక్ కుర్చీ ఉంటే ఎవరినీ అడగకుండా తీసి అవతల పెట్టండి.

ఇంకొకటి చరిత్రలోంచి. నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో తెరిచాడు, దాన్ని నడిపింది ఒక మహిళ. కెమెరా వెనక ఎవరున్నారన్నది కెమెరా ముందున్న మనిషిని మారుస్తుందని ఆయన అప్పుడే గుర్తించాడు. మీ బృందంలో ఒక అమ్మాయి ఉండేలా చూసుకోండి. మంగళస్నానం, చీర కట్టుకోవడం, జడ వేయడం జరిగే గదిలో మగ ఫోటోగ్రాఫర్‌కి గుమ్మం దాకానే మర్యాద. ఆ గదిలో జరిగే మాటలు, పాటలు, ఏడుపులు ఆమెకే దక్కుతాయి.

సామాను

ఎక్కువ వద్దు. కాస్త వెడల్పుగా చూసే 35 ఎంఎం లెన్సు ఒకటి, మొహాన్ని దగ్గరికి తెచ్చే 85 ఎంఎం లెన్సు ఒకటి, రెండు కెమెరా బాడీలు. ఇల్లు మరీ ఇరుకైతే 24 కూడా. కెమెరాలో రెండు కార్డులు పెట్టి రెండింట్లోనూ రాసేలా సెట్ చేయండి. ఫ్లాష్ తెచ్చుకోండి, కానీ మొహాల మీద నేరుగా కొట్టకండి. తెల్లగోడ వైపో కప్పు వైపో తిప్పండి. వీడియో తీసేవాళ్ళు ఫోకస్ లైటు తెస్తే దాన్ని ఎక్కడ పెట్టాలో ముందే కలిసి మాట్లాడుకోండి. హోమం ముందు కూర్చున్న జంట కళ్ళల్లోకి రెండు గంటలపాటు ఆ లైటు కొడితే వాళ్ళు కళ్ళు చిట్లించుకుని పెళ్ళి చేసుకోవాలి.

ఆ రోజు, మొదటి గంట

మన వృత్తిలో నల్లచొక్కా అలవాటు. ఇంటి పెళ్ళికి వద్దు, పెద్దవాళ్ళ మనసు చివుక్కుమంటుంది. లేతరంగు నూలు చొక్కా వేసుకోండి. చెప్పులు బయటే విడుస్తారు కాబట్టి వట్టికాళ్ళతో నడవడానికి, నేలమీద కూర్చోవడానికి వీలైన బట్టలు ఉండాలి. చిన్న పెళ్ళిలో సగం ఫోటోలు కూర్చునే తీయాలి. పీటల మీద ఉన్న మనిషిని నిలబడి తీస్తే నడినెత్తి కనపడుతుంది, పైగా వెనకున్న ముసలివాళ్ళకి మీ వీపు తప్ప ఇంకేం కనపడదు.

వెళ్ళగానే పంతులుగారికి నమస్కారం పెట్టి పక్కన కూర్చోండి. తంతు వరస శాఖని బట్టి, ఇంటి ఆచారాన్ని బట్టి మారుతుంది. కన్యాదానం ఎప్పుడు, మధుపర్కాలు ఎప్పుడు మారుస్తారు, సూత్రధారణకి ఎంత వ్యవధి ఉంటుంది, లాజహోమం ఎటువైపు, అన్నీ అడిగి రాసుకోండి. ఆయనకి ఒక మాట ఇవ్వండి: "ముహూర్తం అప్పుడు మిమ్మల్ని ఆపమని అడగనండీ." ఆ మాటతో ఆయన మీవైపు వస్తారు. కొందరు పంతుళ్ళు ఆ తర్వాత వాళ్ళే చెయ్యి కాస్త పక్కకి జరిపి మీకు దారి ఇస్తారు. అయిపోయిన ఘట్టాన్ని "మళ్ళీ ఒకసారి" అని చేయించడం మాత్రం ఎప్పుడూ వద్దు. జీలకర్ర బెల్లం ఒక్కసారే పెడతారు.

మొదటి గంట ఎక్కువ తీయకండి. కెమెరా మెడలో వేసుకుని నడవండి, మామిడి తోరణం కట్టేవాళ్ళకి తాడు అందించండి, పేర్లు పెట్టి పలకరించండి. "అత్తయ్యగారూ, మోకాలు ఎలా ఉంది?" అంటే ఆవిడ మీ కెమెరాని మర్చిపోతుంది. వరసలు కలపడం మన దగ్గర ఎంత సహజమో మీకు తెలుసు. దాన్ని వాడుకోండి, నటించకండి.

ముఖ్యమైన ఘట్టాలు

జీలకర్ర బెల్లం. అడ్డుతెర ఉన్నంతసేపు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు, కాబట్టి మీ చోటు పక్కన, తెర అంచు దగ్గర, భుజాల ఎత్తులో. తెరకి రెండు వైపులా రెండు మొహాలు ఒకే ఫ్రేములో పడతాయి. ఒకరిని ఒకరు చూడలేరు, మీరు ఇద్దర్నీ చూస్తారు. ముహూర్తం రాగానే ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి ఉంచుతారు, మేళం జోరందుకుంటుంది, అక్షింతలు పడతాయి. అందరూ అప్పుడే తీస్తారు. మీరూ తీయండి, కానీ ఆగిపోకండి. ఆ చేతులు వెంటనే దిగవు. పంతులుగారు చెప్పేదాకా అలాగే ఉంచాలి. గోల సద్దుమణిగాక, తెర దిగాక, తమలపాకు పట్టుకున్న వేళ్ళు సన్నగా వణుకుతుండగా, బెల్లం నీరు కణత మీదుగా జారుతుండగా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ఎక్కడ చూడాలో తెలియక ముందు బాసికం వంక చూస్తారు, తర్వాత కళ్ళల్లోకి. నాకు మొత్తం పెళ్ళిలో ఒక్క ఫోటోనే తీసే వీలుంటే ఇక్కడే తీస్తాను. 85తో, చేతులు ఫ్రేముకి అడ్డంగా వచ్చేలా.

మధుపర్కాలు మార్చుకుని వచ్చాక కెమెరా మిమ్మల్ని మోసం చేస్తుంది. తెల్లచీర, తెల్లపంచె ఫ్రేము నిండా ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని ఫోటోని నల్లబరుస్తుంది, మొహాలు మసకబారతాయి. ఎక్స్‌పోజర్‌ని, అంటే ఫోటో వెలుగుని, ముప్పావు స్టాపు దాకా పెంచండి, చీర ఎర్రంచు దగ్గర నేత కనపడుతోందో లేదో చూసుకోండి. చామనచాయ మొహం తన రంగులో కనపడటం ముఖ్యం.

మూడు ముళ్ళకి మూడు ఫోటోలని లెక్క పెట్టుకోండి, ఒంటరిగా తీసేవాళ్ళకి ఇదే దారి. మొదటి ముడికి పెళ్ళికూతురి మొహం, కింద కూర్చుని, దించిన కళ్ళు కనపడేలా. రెండో ముడికి చేతులు, ఆడపడుచు జడ పైకెత్తి పట్టుకోవడం, పసుపుతాడు. మూడో ముడికి వెనక్కి జరిగి మొత్తం పందిరి, అక్షింతలు గాల్లో ఉండగా. ఆ మూడో ఫోటోలో పెళ్ళికూతురి నాన్న ఎక్కడున్నాడో చూడండి. చాలాసార్లు ఆయన అక్షింతలు వేయడం మర్చిపోయి గుప్పిట అలాగే పట్టుకుని ఉంటాడు.

తలంబ్రాలు సరదా. మంత్రంతో నెమ్మదిగా మొదలై, నాలుగో దోసిలికల్లా పోటీ అవుతుంది. గింజలు గాల్లో ఆగినట్టు రావాలంటే సెకనులో ఐదువందలో వంతు స్పీడు, వెనక చీకటి, గింజల మీద వెనకనుంచి వెలుగు కావాలి. పగలైతే సూర్యుడు చూసుకుంటాడు, రాత్రయితే పందిరి రాట వెనక ఒక ఫ్లాష్ పెట్టండి, అంత స్పీడులోనూ పనిచేసేలా దాన్ని హైస్పీడ్ సింక్‌లో ఉంచండి. పిల్లల్ని ముందుకి రానివ్వండి, వాళ్ళ కేకలే జంట మొహాల్లో నవ్వు తెస్తాయి.

హోమం పొగని శత్రువులా చూడకండి. కిటికీకో ఉదయపు ఎండకో ఎదురుగా కూర్చుంటే పొగ వెలుగుని పట్టుకుంటుంది. సప్తపదిలో పాదాలు తీయండి, మెట్టెలు తొడిగేటప్పుడు వంగిన తల తీయండి. అరుంధతిని చూపించేటప్పుడు జంటని ఆకాశం మీద నీడల్లా ఉంచితే చాలు. రాత్రి ముహూర్తమైతే సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కన ఆ చిన్న చుక్క నిజంగానే కనపడవచ్చు.

డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో వీడియోలో చూస్తున్న అన్నయ్య ఈ పెళ్ళికి వచ్చినవాళ్ళలో ఒకడే. ఆ ఫోనుని ఎవరు పట్టుకున్నారో, తెరలో అతని మొహం ఎలా ఉందో ఒకటి తీయండి.

అప్పగింతలకి ముందే నిలబడే చోటు ఎంచుకుని ఇక కదలకండి. సైలెంట్ షట్టర్, తక్కువ ఫోటోలు. పాలల్లో చెయ్యి ముంచి అత్తమామలకి అప్పగించేటప్పుడు ఆ చేతుల మీద ఒకటి, అమ్మ మొహం మీద ఒకటి. ఎవరైనా మీవైపు చూసి తలతిప్పుకుంటే కెమెరా దించేయండి. అది వాళ్ళ హక్కు.

గ్రూపు ఫోటోలు భోజనాలకి ముందే, ఒకే చోట, అరగంటలో ముగించండి. పెద్దవాళ్ళతో మొదలుపెట్టండి, వాళ్ళకి ఆకలి, షుగరు మాత్రలు ఉంటాయి.

ఇంటికి వచ్చాక

నిద్రపోయే ముందు ఫైళ్ళు రెండు వేరు వేరు డిస్కుల్లోకి ఎక్కించండి. ఎంపిక మాత్రం రెండు రోజులు ఆగి చేయండి. వేలల్లో ఇచ్చేస్తే ఎవరూ చూడరు. చిన్న పెళ్ళికి మూడువందలు చాలు, కానీ వచ్చిన ప్రతి మనిషీ అందులో ఉండాలి. నోట్‌బుక్‌లో రాసుకున్న పేర్లు తీసి టిక్ పెట్టుకుంటూ చూడండి. వంట చేసినవాళ్ళు, సన్నాయి వాయించినాయన కూడా.

మొహాల రంగు తెల్లబరచకండి. పెళ్ళికూతురి చెంపల మీది పసుపుని మరక అనుకుని తుడిచేయకండి. ఆల్బమ్‌లో 12×36 షీటు మీద పది ఫోటోలు ఇరికించి పూలతీగలు, కొటేషన్లు అంటించే అలవాటు మానేయండి. జీలకర్ర బెల్లం ఫోటోకి ఒక షీటు మొత్తం ఇవ్వండి. మిగిలినవాటికి ఎక్కడ ఊపిరి కావాలో అక్కడ ఖాళీ వదలండి.

పదహారు రోజుల పండుగ చేసే ఇళ్ళలో చుట్టాలు అప్పుడు మళ్ళీ కలుస్తారు. ఆల్బమ్ అప్పటికి తయారవదు గానీ, పాతిక ప్రింట్లు వేయించి ఒక కవర్లో పెట్టి ఇచ్చి రండి. పెద్దమ్మ ఫోటో, మేనమామ ఫోటో, బాబాయి ఫోటో విడివిడిగా, ఎవరిది వాళ్ళ చేతికి. ఆల్బమ్‌తో పాటు పూర్తి సైజు ఫైళ్ళు కూడా ఇవ్వండి, ఒక కాపీ వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల దగ్గర పెట్టమనండి. మీ దగ్గర కాపీ ఎంతకాలం ఉంచుతారో ఒప్పంద పత్రంలో రాసి సంతకం తీసుకోండి, ఏడాదికి తగ్గకుండా.